పొయ్యి ఎవరు వెయ్యాలి?

మా ఏజెన్సీ గూడేల్లో ఇంటింటికీ తిరిగి చూడండి. కొన్ని ఇళ్ళలో రెండు పొయ్యిలు కనిపిస్తాయి. ఒకటి పథకం కింద వేసిన పొగ రాని పొయ్యి. గిన్నెలు పెట్టడానికి రెండు బొక్కలు, వెనక సిమెంటు గొట్టం, గోడ మీద రంగుతో రాసిన నంబరు. దాంట్లో నిప్పు ఉండదు. కోడి పొదుగుతూ ఉంటుంది. దానికి నాలుగడుగుల అవతల మూడు రాళ్ళ పొయ్యి మండుతూ ఉంటుంది. అంబలి, అన్నం, కూర అన్నీ దాని మీదే.

ఆ కోడిని చూసి ఒక అధికారి నవ్వాడు. "మీవాళ్ళకి ఎంత చేసినా ఇంతేనయ్యా" అన్నాడు. పక్కనే ఉన్న మన చదువుకున్న కుర్రాడు తల వంచుకున్నాడు. అధికారి నవ్వు మనకి కొత్త కాదు. కుర్రాడు తల వంచుకోవడం మాత్రం మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఈ వ్యాసం ఆ కుర్రాడి కోసం రాస్తున్నాం. అలాంటి పిల్లలకి పాఠం చెప్పే ఉపాధ్యాయుల కోసం కూడా.

అడుగుతున్న ప్రశ్న చిన్నదే. ఇంట్లో కట్టెల పొయ్యి ఎవరు వెయ్యాలి? మనమే వేసుకోవాలా, పని నేర్చిన మేస్త్రీని పిలవాలా? డబ్బున్న ఇంట్లో ఇది ఖర్చు లెక్క. మన ఇంట్లో ఈ ప్రశ్న లోపల ఇంకో మూడున్నాయి. తెలివి ఎవరిది? ఇల్లు ఎవరిది? పని ఎవరు చేస్తే కూలి ఎవరికి పోతోంది?

మా జవాబు మొదటే చెప్పేస్తాం. పొయ్యి దిమ్మ ఇంటివాళ్ళే వేసుకోవాలి. గొట్టం పని, కప్పు దగ్గర పని నేర్చిన మనిషి చెయ్యాలి. ఆ నేర్చిన మనిషి మన గూడెం మనిషై ఉండాలి. చేసిన పనికి కూలి అందాలి. ఇందులో ఏ ఒక్కటి వదిలేసినా మళ్ళీ కోడికి గూడు కట్టినట్టే.

ఒక్క రోజులో వేసిన పొయ్యిలు

మావాళ్ళ గూడెం ఒకదాంట్లో జరిగిన సంగతి ఇది. వానలు వెనకబట్టాక ఒక ఉదయం ట్రాక్టరు వచ్చింది. గొట్టాలు, ఇనుప అచ్చులు దించారు. మేస్త్రీలు ఇద్దరు. ఆడవాళ్ళు నీళ్ళు మోశారు, మట్టి తొక్కారు. పొద్దు గుంకేసరికి వీధి వీధంతా పొయ్యిలు లేచాయి. ఫోటోలు తీసుకున్నారు. వెళ్ళిపోయారు.

ఆ రోజంతా ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. అమ్మా, నీ అంబలి కుండ ఎంత పెద్దది? నువ్వు కూర్చుని వండుతావా, నిలబడి వండుతావా? పొడుగు కట్టె అలాగే తోస్తావా, నరికి పెడతావా? చలికాలం ఈ పొయ్యి చుట్టూ ఎంతమంది పడుకుంటారు? పైన అటక మీద ఏం దాచావు?

అడగనందుకు ఏమైందో చూడండి. దిమ్మ ఆరకముందే మంట పెట్టారు. పచ్చి మట్టి బీటలు వారింది. బొక్క పట్నం గిన్నెకి సరిపోయింది గానీ అంబలి కుండ దాని మీద కూర్చోలేదు, ఊగింది. పొయ్యి నోరు చిన్నది. కట్టెలు చిన్న ముక్కలుగా నరకాలి. మగాడు పోడుకి పోతే ఆ నరుకుడు కూడా ఆడదాని మీదే పడింది. గొట్టాన్ని గడ్డి కప్పులోంచి పైకి తీశారు. నెల తిరిగేసరికి లోపల మసి గడ్డకట్టింది. పొగ వెనక్కి తన్నింది. గొట్టం చుట్టూ గడ్డి నల్లబడటం చూసి ఒకాయన భయపడి గొట్టం పీకేశాడు. ఆ బొక్కకి సత్తు పళ్ళెం మూతపెట్టాడు. ఇప్పుడు ఆ ఇంట్లో ముందుకంటే ఎక్కువ పొగ.

"నాయనా, నన్ను ఒక్క మాట అడిగుంటే నా కుండ తెచ్చి పెట్టేదాన్ని కదా" అంది ఒక ముసలమ్మ. పథకం కాగితాలన్నీ కలిపినా ఆ మాటకి సరిపోవు.

మేం ఆ మేస్త్రీలని తిట్టడం లేదు. వాళ్ళూ కూలివాళ్ళే. పొయ్యికి ఇంత అని లెక్క. ఎన్ని ఎక్కువ వేస్తే అంత డబ్బు. ఆగి అడిగితే వాళ్ళ పొట్ట కొట్టుకున్నట్టు. మనం అడగాల్సింది ఆ లెక్క రాసినవాళ్ళని. వేసిన పొయ్యికి బిల్లు ఉంది. ఏడాది తర్వాత మండుతున్న పొయ్యికి ఎందుకు బిల్లు లేదు?

ఇది మన ఒక్క గూడెం కథ కాదు

పొగ లేని పొయ్యి గురించి ఈ దేశంలో చాలాకాలంగా ఆలోచిస్తున్నారు. వార్ధాలో గ్రామ పరిశ్రమల పని చేసినవాళ్ళు మగన్ చూలా తయారుచేశారు. మన హైదరాబాద్‌లోనే ఇంజనీరింగ్ పరిశోధనశాలలకి డైరెక్టరుగా ఉన్న ఎస్.పి. రాజు మట్టితో, పొగగొట్టంతో ఒక పొయ్యి రూపొందించి, 1953లో దాని మీద చిన్న పుస్తకం వేశారు. వాళ్ళ ఉద్దేశం మంచిది. పేదింటి ఆడవాళ్ళ కళ్ళల్లో పొగ చూసి కదిలినవాళ్ళు వాళ్ళు.

తర్వాత 1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2002లో ఆపేసేనాటికి దేశమంతా కలిపి మూడు కోట్లకి పైగా పొయ్యిలు వేసినట్టు లెక్క చూపారు. మూడు కోట్లు! మరి ఆ పొయ్యిలన్నీ ఎక్కడ? ఎక్కువ భాగం విరిగాయి, వదిలేశారు, మట్టిలో కలిశాయి. లెక్క మిగిలింది.

మన పక్కనున్న ఒడిశా సంగతి ఇంకా బాగా ఆలోచించాలి. అక్కడ ఒక స్వచ్ఛంద సంస్థ పల్లెల్లో పొగగొట్టం పొయ్యిలు వేయించింది. పరిశోధకులు 44 గ్రామాల్లో సుమారు 2,600 కుటుంబాలని ఏళ్ళ తరబడి గమనించారు. 2016లో ఆ పరిశోధన అచ్చయింది. మొదటి ఏడు లోపలికి పీల్చే పొగ తగ్గింది. ఆ తర్వాత తేడా లేకుండా పోయింది. పొయ్యిలు పాడయ్యాయి, బాగుచేసుకున్నవాళ్ళు తక్కువ, వాడకం పడిపోయింది.

అక్కడ ఇంటివాళ్ళు ఊరికే కూర్చోలేదు. మట్టి ఇచ్చారు, పనిలో చెయ్యి వేశారు, మేస్త్రీకి కొంత డబ్బు కూడా ఇచ్చారు. అయినా నిలవలేదు. కాబట్టి "మన చెయ్యి పడితే చాలు, పొయ్యి మనదైపోతుంది" అని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. మట్టి మోయడం వేరు, పొయ్యి వెయ్యడం వేరు. చేతులు మనవీ తెలివి ఇంకొకరిదీ అయితే ఆ పొయ్యి బీటవారిన రోజున మన చేతులకి ఏం చెయ్యాలో తెలియదు. బాగుచేసుకోలేని వస్తువు ఇంట్లో ఉన్నా మనది కాదు.

పొగ గురించి నిజం చెప్పుకుందాం

ఇక్కడ మనవాళ్ళలో కొందరు లేచి అంటారు: "మన తాతముత్తాతలు మూడు రాళ్ళ మీదే వండుకు తిన్నారు. ఈ గొట్టాలూ గొడవలూ మనకెందుకు?" ఈ మాట సాధారణంగా మగవాళ్ళే అంటారు. పొయ్యి ముందు కూర్చున్నవాళ్ళు అనగా మేం పెద్దగా వినలేదు.

పొగ మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచమంతా కలిపి ఇంటి లోపలి వంట పొగవల్ల 32 లక్షలమంది చనిపోయారు. అందులో రెండు లక్షలకి పైగా అయిదేళ్ళలోపు పిల్లలు. ఊపిరితిత్తులకి నెమ్ము చేసి పోయిన పసివాళ్ళు మన గూడేల్లో లేరా? కళ్ళు మసకబారి, పొయ్యి ముందు చెయ్యి తడుముకుంటూ వండే అవ్వలు లేరా? "దిష్టి తగిలింది, రోజులు బాగోలేవు" అనుకుని పూడ్చిపెట్టిన బిడ్డల్లో కొందరిని ఆ పొగే తినేసి ఉంటుంది. సంప్రదాయం పేరు చెప్పి మన ఆడవాళ్ళ కళ్ళు కాల్చే హక్కు ఏ కులపెద్దకీ లేదు.

అదే సమయంలో పొగ చేసే పని కూడా చెప్పాలి. పొయ్యి పైన అటక మీద మొక్కజొన్న కంకులు, చిక్కుడు విత్తనం, సామల విత్తనం పెడతాం. ఆ పొగకి పురుగు పట్టదు. గడ్డి కప్పు, వెదురు వాసాలు పొగకి గట్టిపడి ఎక్కువ కాలం ఉంటాయి. దోమ తగ్గుతుంది. లంబసింగి, పాడేరు కొండల మీద మార్గశిరం చలిలో ఆ నిప్పే దుప్పటి. ఇది తెలియనివాడు వచ్చి పొగని బయటికి పంపి వెళ్ళిపోతే, మరుసటేడు విత్తనం పుచ్చిపోతుంది. విత్తనం పుచ్చితే సంతలో కొనాలి. కొనాలంటే షావుకారు దగ్గర చెయ్యి చాపాలి. పొయ్యి మార్చినవాడికి ఈ అప్పు సంగతి తెలుసా?

కాబట్టి పొయ్యి మార్చాలంటే విత్తనం దాచే పద్ధతీ మార్చాలి. బూడిద, వేపాకు కలిపి మూత బిగించిన కుండల్లో దాచుకోవచ్చు. కప్పు సంగతి చూడాలి. చలికి వేరే ఏర్పాటు చూడాలి. ఇవన్నీ కలిపి ఆలోచించగలిగేది ఎవరు? ఆ ఇంట్లో ఉండే మనిషే.

నిపుణులు ఎవరు?

"నిపుణులకి వదిలేయండి" అంటారు. సరే, నిపుణులెవరో చూద్దాం.

మన అవ్వకి ఏ పుట్టమన్ను జిగురో తెలుసు. దాంట్లో వరి ఊక ఎంత, పేడ ఎంత కలిపితే బీట పడదో తెలుసు. కలిపిన మట్టిని తడిపి ఎన్నాళ్ళు నాననివ్వాలో తెలుసు. దిమ్మని ఎండలో కాకుండా నీడలో ఆరనివ్వాలని, మొదట సన్న పుల్లలతో చిన్న మంటే పెట్టాలని తెలుసు. ఏ కట్టె చిటపటలాడి నిప్పురవ్వలు చిమ్ముతుందో, ఏది నిదానంగా కాలుతుందో తెలుసు. రోజూ పొద్దున్నే అలికి చిన్న బీటని పెద్దది కానివ్వకపోవడం తెలుసు. ఇది నిపుణత కాకపోతే ఇంకేమిటి? దీనికి సర్టిఫికెట్టు లేదు కాబట్టి కూలీ లేదు, గౌరవమూ లేదు.

అవ్వకి తెలియనిది కూడా ఉంది. గాలి గొట్టంలోకి ఎందుకు లాగుతుందో, ఎప్పుడు వెనక్కి తంతుందో తెలియదు. పొయ్యి నోటికి, కుండ అడుక్కి, గొట్టం వెడల్పుకి ఉన్న పొత్తు తెలియదు. అది నేర్చుకుంటే వచ్చేదే. మేస్త్రీ తల్లి కడుపులోంచి నేర్చుకుని పుట్టలేదు. నాలుగు రోజుల శిక్షణలో నేర్చుకున్నాడు. అదే శిక్షణ మన చెల్లెలికి ఎందుకు ఇవ్వరు?

అవ్వ తెలివీ మేస్త్రీ తెలివీ ఒక్క మనిషిలో కలిస్తే ఆ మనిషి వేసిన పొయ్యిలో కోడి పొదగదు.

ఏ పని ఎవరు చెయ్యాలి

మాటలతో ఆగిపోతే లాభం లేదు. పని పంచి చెబుతాం.

దిమ్మ మనమే వేసుకుందాం. మన కుండలు తెచ్చి బొక్క కొలత తీసుకుందాం. మట్టి ముందే నానేసుకుందాం. లోపల రాయో ఇటుకో పెట్టి కడితే వేడికి తట్టుకుంటుంది. కట్టె కింద గాలి ఆడేలా చిన్న ఇనుప జల్లెడ పెడితే మంట శుభ్రంగా వస్తుంది, పొగ తగ్గుతుంది. బాగా ఆరాకే వాడదాం. బీట పడితే మనమే పూసుకుందాం. దీనికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

గొట్టం, కప్పు మాత్రం ధైర్యం చేసే చోటు కాదు. ఇక్కడ "మనకి తెలుసులే" అంటే ఇల్లు కాలుతుంది. గడ్డి కప్పులోంచి గొట్టం తియ్యడం అసలే మంచిది కాదు. గోడలోంచి బయటికి తీసి, చూరుకి దూరంగా నిలబెట్టి, పై కొస కప్పు కంటే రెండడుగులైనా ఎత్తు ఉండేలా చూడాలి. గొట్టం ఎక్కడా గడ్డికి, వెదురుకి, వాసానికి తగలకూడదు. కొస మీద టోపీ ఉండాలి. లేకపోతే వాన నీళ్ళు దిగి దిమ్మ కరిగిపోతుంది. నెలకి రెండుసార్లైనా మసి దులపాలి. మసి పేరుకుంటే గాలి ఆడదు, ఒక్కోసారి ఆ మసే లోపల అంటుకుంటుంది. పని సరిగ్గా అయిందా లేదా తెలుసుకోవాలంటే పొయ్యి నోటి దగ్గర అగరుబత్తి పెట్టి చూడండి. పొగ లోపలికి పోవాలి. బయటికి వస్తే మేస్త్రీని పంపించెయ్యకండి. సరిచేశాకే పంపండి.

ఇంకొక్క మాట ప్రాణంతో పని. చలికాలం బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని తలుపు, కిటికీ బిగించి పడుకోకండి. పొగ కనిపించకపోయినా ఆ బొగ్గునుంచి విషవాయువు వస్తుంది. దానికి వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గాలి పోయే దారి ఎప్పుడూ తెరిచి ఉంచండి.

గొట్టం పెట్టే స్తోమత లేకపోతే చేతులు ముడుచుకు కూర్చోవద్దు. పొయ్యిని గోడలో పైన గాలి పోయే చోటికి జరపొచ్చు. కప్పు కొస దగ్గర పొగ పోయే సందు వదలొచ్చు. పచ్చి కట్టె మానేసి వానలకి ముందే ఎండు కట్టె చీల్చి పేర్చుకోవచ్చు. కుండ మీద మూత పెట్టొచ్చు. పసికూనని వీపున కట్టుకుని పొయ్యి ముందు కూర్చోకుండా, ఆ గంటసేపు మగాడు బిడ్డని ఎత్తుకోవచ్చు. దీనికి ఏ పథకమూ రానక్కర్లేదు.

చాకిరికి ఆత్మగౌరవం అని పేరు పెట్టకండి

ఇప్పుడు రెండోవైపు వాళ్ళతో మాట్లాడాలి. "మీ పొయ్యి మీరే వేసుకోండి, అదే మీ ఆత్మగౌరవం" అని తియ్యగా చెప్పే పెద్దమనుషులున్నారు. మనమూ ఇందాక అదే అన్నాం కదా అనకండి. తేడా ఉంది. పట్నంలో రోడ్డు వేస్తే కాంట్రాక్టరుకి డబ్బు, కూలీకి కూలి. మన గూడెంలో ఏ పని జరిగినా శ్రమదానం. రాయి మనం మొయ్యాలి, మట్టి మనం తవ్వాలి, నీళ్ళు మన ఆడవాళ్ళు తేవాలి. బిల్లులో మాత్రం ఇంకో పేరు. మన ఆత్మగౌరవం వాళ్ళ ఖర్చు తగ్గించే ఉపాయం కాకూడదు.

మన ఇంటి దిమ్మ మనం వేసుకుంటే అది మన ఇష్టం. పథకం కింద వీధి మొత్తం పొయ్యిలు వేస్తే అది పని. నీళ్ళు మోసిన అక్కకీ, మట్టి తొక్కిన వదినకీ, గొట్టం బిగించిన చెల్లెలికీ కూలి రావాలి.

అడగడానికి మనకి చట్టం ఉంది. 1996లో వచ్చిన పెసా చట్టం నాలుగో సెక్షన్ తీసి చదవండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామ పంచాయతీ చేపట్టే అభివృద్ధి ప్రణాళికలు, కార్యక్రమాలు మొదలవ్వకముందే గ్రామసభ ఆమోదించాలి. పేదరిక నిర్మూలన పథకాల్లో లబ్ధిదారుల్ని గుర్తించే బాధ్యత గ్రామసభది. ఆ పనులకి పెట్టిన డబ్బు సరిగ్గా ఖర్చయిందని పంచాయతీ గ్రామసభ దగ్గర ధ్రువపత్రం తీసుకోవాలి. అంటే ఆ కోడి పొదుగుతున్న పొయ్యికి "పని పూర్తయింది" అని చెప్పాల్సింది, చెప్పనని అనాల్సింది మన సభే. ఎన్ని గూడేల్లో ఆ సభ కూర్చుంది? ఎన్ని చోట్ల ఇంటింటికీ పుస్తకం తిప్పి వేలిముద్రలు వేయించుకుని సభ జరిగిందని రాసుకున్నారు? తమ్ముడూ, నువ్వు చదువుకున్నది ఆ పుస్తకంలో ఏం రాశారో చదవడానికి కూడా.

కట్టె కూడా భిక్ష కాదు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఫలసాయం అంటే ఏమిటో చెప్పినచోట వెదురుతో పాటు పొదల పుల్లలు, మోడులు కూడా ఉన్నాయి. మోపు కట్టుకొస్తున్న అక్కని ఆపి గద్దించే గార్డుకి ఈ మాట చెప్పగలిగినవాడే మనలో చదువుకున్నవాడు.

ఉచిత పొయ్యి, ఊరికే సంతకం

ఈమధ్య కొత్త రకం మనుషులు వస్తున్నారు. చేతిలో ఫోను, బండిలో మెరిసే ఇనుప పొయ్యిలు. డబ్బు అడగరు. ఒక కాగితం మీద సంతకం చాలంటారు. ఆ పొయ్యివల్ల తగ్గిన కర్బనాన్ని లెక్కకట్టి ఎక్కడో కంపెనీలకి అమ్ముకునే హక్కు ఆ కాగితంలో ఉంటుంది. మన అడవి, మన కట్టె, మన వంట. అమ్ముకునేది వాళ్ళు. 2024లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలాంటి పొయ్యిల పథకాల లెక్కలు పరీక్షించి, చూసినవాటిలో అసలు తగ్గినదానికి సుమారు తొమ్మిది రెట్లు ఎక్కువ చూపించారని తేల్చారు. మూడు కోట్ల పొయ్యిల లెక్క గుర్తుందా? పొయ్యి మారింది, లెక్క రాసే బుద్ధి మారలేదు.

పొయ్యి తీసుకోవద్దని మేం అనం. బాగుంటే తీసుకోండి. సంతకం పెట్టేముందు కాగితం గ్రామసభలో పైకి చదివించండి. మన భాషలో చెప్పించండి. విరిగితే ఎవరు బాగుచేస్తారు, అమ్మిన డబ్బులో గూడేనికి ఎంత, రాయించుకోండి.

గ్యాసు వస్తుందిగా అంటారా?

వచ్చింది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్వల. గ్యాసు మంచిదే. పొగ లేదు, మోపు మొయ్యక్కర్లేదు. మన ఆడవాళ్ళకి గ్యాసు వద్దనేవాడు ముందు తను నెలరోజులు పొయ్యి ఊదాలి. కానీ సిలిండరు కొండ కిందే ఆగిపోతుంది. రోడ్డు లేని గూడేనికి దాన్ని కావడి మీద మొయ్యాలి. పసుపు ఉడకబెట్టాలన్నా, పండక్కి గాడిపొయ్యి మీద ఊరందరికీ వండాలన్నా, చలి కాచుకోవాలన్నా కట్టే కావాలి. గ్యాసు కోసం పోరాడదాం. అది నిండుగా వచ్చేదాకా, వచ్చాక కూడా, కట్టెల పొయ్యి ఇంట్లో ఉంటుంది. ఉన్నన్నాళ్ళు అది మంచి పొయ్యి కావాలి.

బడిలో పొయ్యి పాఠం

ఉపాధ్యాయ మిత్రులారా, చివరిగా మీతో. ఆశ్రమ పాఠశాలలో పిల్లలకి వేడిగాలి పైకి లేస్తుందని పుస్తకంలో బొమ్మ చూపించి చెబుతున్నారు. బొమ్మ ఎందుకు? వంటశాల పక్కన పిల్లలతో రెండు పొయ్యిలు వేయించండి. ఒకటి మూడు రాళ్ళది, ఒకటి గొట్టంది. ఒకే గిన్నె, అయిదు లీటర్ల నీళ్ళు, తూచిన మూడు కిలోల ఎండు కట్టె. నీళ్ళు ఎంతసేపటికి మరిగాయి, ఎంత కట్టె మిగిలింది రాయించండి. అదే లెక్క, అదే సైన్సు. సెలవుల్లో ప్రతి పిల్లా పిల్లవాడూ తన అవ్వని అడిగి పొయ్యి మట్టి కలిపే విధానం తమ ఇంటి భాషలో రాసుకుని రావాలి. సవరలోనో, కువిలోనో, కోయలోనో, ఏ భాషైతే ఆ భాషలో. అవ్వ చెప్పింది పుస్తకంలో ఎక్కితే ఆ పిల్ల అధికారి ముందు తల వంచుకోదు.

యువతీ యువకులారా, మీలో ఐటీఐ చదివి పని లేక సంతలో తిరుగుతున్నవాళ్ళున్నారు. గూడేనికి ఇద్దరు చాలు, ఒకరైనా ఆడపిల్ల కావాలి. గొట్టం పని నేర్చుకోండి. అవ్వ దగ్గర మట్టి పని నేర్చుకోండి. గ్రామసభలో తీర్మానం చేయించండి: మా గూడెంలో పొయ్యి పని మా మేస్త్రీకే, వేసినప్పుడు సగం కూలి, ఏడాది మండాక మిగతా సగం. కాంట్రాక్టరు ఒప్పుకోడు. ఒప్పుకోకపోతే ట్రాక్టరు తిరిగి వెళ్తుంది. అంతకంటే పోయేదేం లేదు. మూడు రాళ్ళు ఎలాగూ మన దగ్గరున్నాయి.

ఆ ముసలమ్మ పొయ్యి సంగతి చెప్పి ముగిస్తాం. గూడెం పిల్ల ఒకతె గొట్టం పని నేర్చుకుని వచ్చి, ముసలమ్మ కుండ తెప్పించి, బొక్క పగలగొట్టి కొలతకి మళ్ళీ వేసింది. మట్టి ముసలమ్మే కలిపింది. గొట్టం గోడలోంచి బయటికి పోయింది. ఇద్దరూ కలిసి చిన్న మంట పెట్టి పొగ ఎటు పోతుందో చూస్తూ కూర్చున్నారు. కోడికి మాత్రం ఇంకో బుట్ట వెతకాల్సి వచ్చింది.